మామ ఒప్పుకోని ఓపెనర్

మా బాపు సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక చుట్టాలంతా షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, పోయిన మనిషి మంచితనం గురించి మాట్లాడుకుంటున్నారు. పోయి ఏడాది గడిచిందంటే మన దగ్గర ఎవరైనా మంచివాళ్లే. బాపు జన్మలో ఎవరినీ ఒక్క మాట అనలేదని ఒకరన్నారు. ఆయన చేత మాటలు పడ్డవాళ్లలో సగం మంది అక్కడే వక్కపొడి నములుతూ అవునవునన్నారు. ఆయన చేతికి ఎముక లేదని ఇంకొకరన్నారు. చీపురుకట్టను పుల్లలు లేకుండా అరిగేదాకా వాడించిన మనిషి గురించి ఆ మాట వినేసరికి మా అమ్మ కూడా తలెత్తి చూసింది. అప్పుడు మా బావ లేచాడు. బావంటే మా అక్క భర్త. మేడిపల్లిలో ఇల్లు, సగం తెల్లబడ్డ మీసం, ఏ సభలోనైనా చివర్లో మాట్లాడే అలవాటు. గొంతు సవరించుకుని, “ఎవరేమన్న అనుండ్రి, మామ మాట మీద నిలవడ్డ మనిషి. పోయేదాక గా క్రికెట్ ఓపెనర్‌ను గొప్పోడని ఒప్పుకోలే” అన్నాడు. అంటూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అందరూ తలలూపారు. నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకుని, విస్తళ్లు తీసే పనుందని లోపలికి వెళ్లిపోయాం.

ఆ ఓపెనర్ పేరు నేనిక్కడ రాయను. రాస్తే మా చుట్టాల్లో ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు అన్నం ముందు నుంచి లేచిపోగలరు. ఎవరని గుచ్చి గుచ్చి అడగొద్దు. అలాంటివాడు ప్రతి తరానికీ ఒకడు ఉంటాడు. ఇంతమాత్రం చెబితే చాలు: టెస్టు మ్యాచ్ ఐదు రోజులు ఆడతారన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున్నే వచ్చేవాడు, కొత్త బంతిని చితక్కొట్టేవాడు. కొన్నిసార్లు సాయంత్రం దాకా కొట్టేవాడు. చాలాసార్లు మనం టీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చునేలోపే బ్యాటు చంకలో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయేవాడు. అలాంటి మనిషి గొప్పవాళ్ల వరసలో కూర్చోవడానికి తగునా కాదా అన్నది ఆ రోజుల్లో దేశానికంతటికీ ఒక చర్చ అయితే, నాచారంలో మా రెండు గదుల ఇంట్లో అది కాపురాలకు సంబంధించిన విషయం.

బాపు జనగామ పక్క ఊరి నుంచి వచ్చి నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. మా గల్లీలో అందరూ అలా వచ్చినవాళ్లే. పొద్దున షిఫ్టు సైరన్‌తో పొయ్యిలు వెలిగేవి. సాయంత్రమైతే ఎస్టేట్ వైపు నుంచి ఘాటైన మందుల వాసన గాలిలో దిగేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే, అది ఒంటికి మంచిదని అమ్మ చెప్పేది. నమ్మినవాళ్లు కూడా ఉన్నారు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. నల్లా వచ్చిన రోజు ఇంట్లో గిన్నెలు, డ్రమ్ములు, బకెట్లు, చివరికి బాపు గడ్డం గీసుకునే మగ్గు కూడా నిండాల్సిందే. బాపు పని నుంచి రాగానే చేతులకున్న గ్రీసు పోవడానికి కిరోసిన్ గుడ్డతో తుడుచుకుని, ఆ తర్వాత సబ్బుతో, ఆ తర్వాత మళ్లీ ఉత్త నీళ్లతో కడుక్కునేవాడు. అయినా ఆయన కలిపి పెట్టిన ముద్దలో కిరోసిన్ వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు పప్పన్నం గుర్తొస్తుంది. ఇదేం గొప్ప జ్ఞాపకమని మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు.

ఫ్యాక్టరీలో బాపుకున్న అసలు హోదా వేరు. ఎస్టేట్ కంపెనీల మధ్య ఆదివారాలు జరిగే మ్యాచుల్లో ఆయన తన ఫ్యాక్టరీ టీముకు ఓపెనర్. ఆయన ఆట చూసే భాగ్యం చిన్నప్పుడు మాకు చాలాసార్లు కలిగింది. చూశాం అనడం కంటే భరించాం అనడం సబబు. వచ్చిన బంతినల్లా చాలా మర్యాదగా కీపర్ చేతుల్లోకి సాగనంపేవాడు. ఆయన ఆడుతున్నంతసేపూ ఆయన టీమువాళ్లు చెట్టు కింద నడుం వాల్చి కునుకు తీసేవారు, అవతలి టీములో ఫీల్డర్లు కూడా అవకాశం చూసి కూర్చునేవారు. ఓపెనర్ పని పరుగులు చేయడం కాదన్నది ఆయన మతం. కొత్త బంతి మెరుపు పోయేదాకా, బౌలర్ కాళ్లు బరువెక్కేదాకా నిలబడి, వెనక వచ్చేవాళ్లకు ఆటను సులువు చేసి అప్పగించాలి. అందుకని ఆయన దేనికైనా మొదటి గంటనే చూసేవాడు. కొత్త కుక్కరు కొన్నా, పక్కింట్లోకి కొత్త కిరాయిదారు వచ్చినా, ఫ్యాక్టరీలో కొత్త ఫోర్‌మన్ వచ్చినా, మొదటి గంట గడవనీ అనేవాడు. అక్క పెళ్లిలో అప్పగింతలప్పుడు తండ్రులందరూ ఏడుస్తారు కదా, మా బాపు ఏడవకుండా సలహా ఇచ్చాడు. “కొత్త ఇల్లు బిడ్డా. మొదట్ల జర నిలదొక్కుకో. ఏది మీదికొచ్చినా ఇడిసిపెట్టు” అన్నాడు. అక్క ఆ సలహాను నెత్తిన పెట్టుకుని మేడిపల్లి వెళ్లింది, చాలా ఏళ్లు అలాగే ఆడింది.

బావ అప్పట్లో సెల్‌ఫోన్ టవర్లు చూసుకునే కంపెనీలో సూపర్‌వైజర్. మేడిపల్లి అప్పుడు ఇంత కాదు. హైవే పక్కన నాలుగు కాలనీలు, మిగతాదంతా రాళ్లు పాతిన ప్లాట్లు. ఆదివారం పొద్దున అక్కను బండి వెనక కూర్చోబెట్టుకుని ఉప్పల్ మీదుగా నాచారం వచ్చేవాడు. వచ్చేది అత్తగారింటి కోడికూర కోసమా టీవీ కోసమా అని అమ్మ నన్ను అడిగేది, రెంటికీ అని నేను చెప్పేదాన్ని. మేడిపల్లిలో కేబుల్ ఒక రోజు వస్తే రెండు రోజులు రాదు. మా ఇంట్లో బంగారం లాంటి బొమ్మ. బావకు ఆ ఓపెనర్ దేవుడు. బావ వాదన కూడా తీసిపారేసేది కాదు. మెల్లగా ఆడేవాళ్లు మ్యాచ్ ఓడిపోకుండా చూస్తారు, ఈయన గెలిపిస్తాడు. ఒక్క పూటలో రెండు పూటల పరుగులు చేస్తే మన బౌలర్లకు అవతలివాళ్లను రెండుసార్లు ఔట్ చేయడానికి సమయం మిగులుతుంది. బౌలర్ నిద్రలో కూడా ఈయన్నే కలవరిస్తుంటే, అవతలి వైపున్న బ్యాట్స్‌మన్‌కు పండగే కదా అనేవాడు. బాపు వాదన ఇంకోటి. మన ఎండల్లో, మన మట్టి మీద ఎవడైనా కొడతాడు. మబ్బు పట్టిన పరాయి దేశంలో బంతి పాములా తిరుగుతున్నప్పుడు ఎన్నిసార్లు లంచ్ దాకా ఉన్నాడో చూపించమనేవాడు. పది నిమిషాల్లో ఔటై, మెరుస్తున్న బంతిని తర్వాతివాడి నెత్తిన పడేసి పోయేవాణ్ణి ఓపెనర్ అనరు, తలుపు తీసిపెట్టిపోయినవాడంటారు అనేవాడు. ఒకరేమో ఆయన మంచి రోజుల్ని లెక్కపెడతారు, ఇంకొకరు చెడ్డ రోజుల్ని. ఇద్దరూ ఒకే మనిషిని చూస్తున్నారా అని నాకు చాలాకాలం అనుమానంగానే ఉండేది.

అయితే ఈ వాదన వాళ్లిద్దరి మధ్య ఎన్నడూ జరగలేదు. ఇక్కడే మా ఇంటి గొప్పతనం ఉంది. ఇంటికొచ్చిన అల్లుడికి మామ ఎదురు చెప్పకూడదన్నది మా నాయనమ్మ పెట్టిపోయిన చట్టం. ఎండాకాలంలో అల్లుడు చలిగా ఉందంటే దుప్పటి ఇవ్వాలి. బాపు ఆ చట్టాన్ని అక్షరాలా పాటించేవాడు. బావ ముందు కూర్చుని ఆ, ఊ, అట్లనా అనేవాడు, తర్వాత నీళ్లు తాగే నెపంతో వంటింట్లోకి వచ్చి పళ్లు నూరుతూ తన తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పును పట్టుకెళ్లి ముందు గదిలో వినిపించే బాధ్యత అమ్మది. బావ కూడా తక్కువవాడు కాదు, మామకు ఎదురుగా చెప్పలేనిది అక్క చెవిలో వేసేవాడు. అక్క వంటింట్లోకి మోసుకొచ్చేది. అమ్మకు క్రికెట్ గురించి తెలిసిన విషయాలు రెండే: మ్యాచ్ ఉంటే ఉల్లిగడ్డలు కోసేవాళ్లు దొరకరు, అక్కడ వాన పడితే దొరుకుతారు. అంత నిష్పక్షపాతమైన మనిషి చేతిలో టెస్టు క్రికెట్ భవిష్యత్తు పెట్టి, మగవాళ్లిద్దరూ కోడికూర తింటూ కూర్చునేవారు.

అమ్మ ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు ఎన్నడూ మోయలేదు. ఉల్లిగడ్డ పైపొర తీసినట్టు ఘాటంతా తీసేసి ఇచ్చేది. ఇట్ల ఆడేటోన్ని మా ఫ్యాక్టరీ టీమున నీళ్లియ్యనీకె గూడ పెట్టుకోం అని బాపు వంటింట్లో అంటే, అమ్మ బగారా అన్నం గిన్నె పట్టుకుని ముందు గదిలోకి వెళ్లి, మీ మామ గూడ గదే అంటున్నడు, మస్తు ఆడుతడట అని వడ్డించేది. మామది రేడియో కాలం, ఆయనకేం తెల్వదు అని బావ అంటే, అది వంటింటికి చేరేసరికి అల్లుడు నీ మాట నిజమే అంటున్నడు అయ్యేది. ఆ విధంగా బాపు తాను బావను మార్చేశానని, బావ తాను మామను మార్చేశానని నమ్మారు. ఇద్దరూ గెలిచిన వాదన ప్రపంచంలో అదొక్కటే అయి ఉండాలి. గెలిచినవాళ్లు కాబట్టి ఇద్దరూ ఒకరి పట్ల ఒకరు చాలా ఉదారంగా ఉండేవారు. బావకు మంచి ముక్కలు పడేవి. బాపుకు పండగకు చొక్కా గుడ్డ వచ్చేది. అక్క ప్రతి ఆదివారం ఇంటికొచ్చేది. మాకు కావలసింది ఆ చివరిదే.

ఉప్పల్‌లో స్టేడియం కట్టకపోయి ఉంటే ఈ ఏర్పాటు బాపు పోయేదాకా నడిచేది. కట్టారు, అందులో టెస్టు మ్యాచ్ కూడా పెట్టారు. బావ ఆఫీసు ద్వారా మూడు పాసులు సంపాదించాడు. ఆయనకు, మామకు రెండు, మూడోది అక్కకు అనుకున్నారు గానీ, ఆ రోజు అమ్మకు సాయం చేయడానికి అక్క ఇంట్లో ఉంటే మంచిదని ఇద్దరు మగవాళ్లూ ఏకాభిప్రాయానికి వచ్చారు. వాళ్లు నిజంగా ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే. అలా డిగ్రీ చదువుతున్న నాకు పాసు దక్కింది. అమ్మ కట్టిచ్చిన సర్వపిండిని గేటు దగ్గర పోలీసులు తీసి పక్కన పెట్టేశారు. దాంతో దేశానికి ఏ ముప్పు ఉందో నాకు తెలియదు. లోపల సిమెంటు మెట్ల మీద బాపు, బావ పక్కపక్కన కూర్చున్నారు. నేను బావకు అవతల కూర్చున్నాను. వాళ్లిద్దరి మధ్య వంటిల్లు లేదు, అమ్మ లేదు. ఈ ప్రమాదం మాలో ఎవరికీ తట్టలేదు.

మన జట్టు బ్యాటింగ్‌కు దిగింది. ఆయన వచ్చాడు. స్టేడియం లేచి నిలబడింది, బావ పై మెట్టు ఎక్కి నిలబడ్డాడు. రెండు ఫోర్లు వెళ్లాయి. బావ వైపు చూసి బాపు మర్యాదగా చప్పట్లు కొట్టాడు. తర్వాత చాలా దూరంగా, వదిలేస్తే కీపర్ కూడా పరుగెత్తాల్సిన బంతిని ఆయన వెతుక్కుంటూ వెళ్లి ఆడాడు. స్లిప్పులో దొరికిపోయాడు. స్టేడియం అంతా ఒక్కసారి చల్లబడింది. ఆ నిశ్శబ్దంలో బాపు తొడ చరిచి, మా నాయనమ్మ చట్టాన్ని మొట్టమొదటిసారి ఉల్లంఘించాడు. “చూసినవా అల్లుడా? ఎన్నేండ్ల సంది చెప్తున్న నేను? గీయన ఓపెనరా?”

బావ మెల్లగా కిందికి దిగాడు. “మామా, మీరే గద గొప్పోడన్నరు?”

“నేనా? నేనెప్పుడన్న?”

“ప్రతి ఆదివారం అన్నరు. అత్తమ్మతోని చెప్పిపిచ్చిన్రు.”

బాపు నా వైపు చూశాడు. నేను స్కోర్‌బోర్డు వైపు చూశాను. ఆ తర్వాత ఇద్దరూ ఎంతో ఓపికగా, ఒక్కొక్క ఆదివారాన్నీ బయటికి తీసి, ఎవరు ఏమన్నారో, అది అవతలికి ఏమై చేరిందో పోల్చుకున్నారు. మైదానంలో ఏం జరుగుతున్నదో ఇద్దరికీ పట్టలేదు. ఆ రోజు మనవాళ్లు ఎన్ని పరుగులు చేశారని ఆ తర్వాత ఇద్దరిలో ఎవరినీ అడిగి లాభం లేకపోయింది. చివరికి బావ మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లు మీ ఇంటిల్లిపాదీ కలిసి నన్ను పిచ్చోణ్ణి చేశారన్నాడు. ఆటలో ఓడినందుకు కాదు, గెలిచానని ఇన్నాళ్లూ నమ్మినందుకు ఆయనకు అవమానమైంది. లంచ్ కాకముందే లేచి, బండి తీసుకుని, మా ఇంటికి వచ్చి అక్కను ఎక్కించుకుని, భోజనం చేయకుండా మేడిపల్లి వెళ్లిపోయాడు. బాపూ నేనూ నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి అమ్మ వంటింట్లో ఒక్కతే కూర్చుని ఉంది. బాపు చెప్పులు విడిచి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. అమ్మే అంది: “బిడ్డ రావాలని జేసిన.”

తర్వాత వచ్చిన ఆదివారం అక్క రాలేదు. బండి రిపేరన్నాడు బావ. ఆ పై ఆదివారం టవర్ పని. అప్పుడు తెలంగాణ ఉద్యమం నడుస్తున్నది. రింగు రోడ్డు మీద ఒకనాడు వంటావార్పు, ఒకనాడు రాస్తారోకో. బాపు కూడా యూనియన్ వాళ్లతో కలిసి వెళ్లి రోడ్డు మీద కూర్చుని వచ్చేవాడు. బావ దీన్ని చక్కగా వాడుకున్నాడు. బంద్ ఉన్నరోజు బంద్ అన్నాడు, లేనిరోజు ఉంటుందేమోనన్నాడు. ఒకసారి బాపు తీసుకురావడానికి వెళ్తే, కుర్చీ వేసి, చాయ్ తాగించి, నేనే తోలుకొస్త మామా, మీకెందుకు తక్లీఫ్ అని నవ్వుతూ సాగనంపాడు. తోలుకు రాలేదు. అక్క తనంతట తాను బస్సెక్కి రావచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. మా గల్లీలో పెళ్లయిన పిల్ల సంచీ పట్టుకుని ఒంటరిగా గడప తొక్కిందంటే, కొట్లాడి వచ్చిందని సాయంత్రం నల్లా దగ్గర తీర్మానం అయిపోయేది. ఆ తీర్మానాన్ని మళ్లీ మార్చడం ఎవరి తరమూ కాదు. అందుకని మొగుడు దింపాలి, లేదంటే అల్లుడి నోటి మాట తీసుకుని తండ్రి తోలుకురావాలి. అమ్మ ఆదివారాలు కూడా పప్పే వండడం మొదలుపెట్టింది. నాకు అక్క మీద బెంగ, బాపు మీద జాలి, ఆ ఓపెనర్ మీద పట్టరాని కోపం. పాపం ఆయనకు మేడిపల్లి ఎక్కడుందో కూడా తెలియదు.

చివరికి షరతు తెలిసింది. ఫోన్లో అక్క అమ్మకు గుసగుసగా చెప్పింది. మామ మేడిపల్లికి వచ్చి, తన నోటితో, ఎదురుగా, ఆ ఓపెనర్ గొప్పవాడని ఒక్కసారి అంటే చాలునట. మాట మోసేవాళ్లు మధ్యలో ఉండకూడదట. ఢిల్లీలో రాష్ట్రం గురించి అంతమంది పెద్దలు మాట్లాడుకుంటున్నారు గానీ, ఇంత స్పష్టమైన షరతు వాళ్లు కూడా పెట్టుకున్నట్టు లేదు. బాపు ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. ఫ్యాక్టరీలో పెద్ద ఆఫీసర్ వచ్చి నిలబడ్డా తప్పును ఒప్పని ఒప్పుకోని మనిషి. పొద్దున లేచి గడ్డం గీసుకుని, పెళ్లిళ్లకు వేసే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించమన్నాడు. “అంటే పోయేదేమున్నది, పిల్ల వస్తది గద” అన్నాడు. ఆ మాట అన్న గొంతు నాకు బాపుది లాగా లేదు.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. హబ్సిగూడ, ఉప్పల్, అక్కడ బస్సు మారితే మేడిపల్లి. దారంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. బావ మమ్మల్ని గౌరవంగా కూర్చోబెట్టాడు, ఫ్యాను మా వైపు తిప్పాడు, టీవీ కట్టేశాడు. తాను ఎదురుగా కూర్చుని చేతులు కట్టుకున్నాడు. అక్క చాయ్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఎండల గురించి ఇంక ఏమీ మిగల్లేదు. బాపు గ్లాసు కింద పెట్టి, కండువా సర్దుకుని మొదలుపెట్టాడు.

“అల్లుడా, నేను మస్తు ఆలోచన జేసిన. ఆ ఓపెనరు ఉన్నడు చూడు, ఆయన...”

“ఆగు బాపూ.”

అక్క వంటింటి గుమ్మంలో ఉంది. చేతులకు గోధుమపిండి. ఇన్నేళ్లలో ఆమె గొంతు ఆ ఇంట్లో అంత నింపాదిగా లేవడం బావ కూడా విని ఉండడు. “ఆ మాట అనకు. నీకు గొప్పోడు అనిపిస్తే నీ ఇంట్ల నువ్వు అనుకో. ఇక్కడికొచ్చి నా కోసం అనొద్దు” అంది. తర్వాత బావ వైపు తిరిగింది. “నేను మా అమ్మను చూడాల్నంటే ఎవడో మంచిగ ఆడాల్నా? ఆడకుంటే చూడొద్దా? ఇన్ని దినాలు నేను ఊకున్న. ఇప్పుడు పోతున్న. ఇగనుంచి ప్రతి ఆదివారం ఒక్కదాన్నే పోత. నువ్వొస్తే రా, లేకుంటే మ్యాచ్ చూసుకో.”

బావ లేచాడు.  ఆయన అటూ ఇటూ చూసి, మేకుకున్న తాళంచెవి తీసి, “బండి తీస్త” అన్నాడు. అక్క చేతులు కడుక్కుంటూ, వద్దు, బస్సులున్నాయంది. సంచీలో రెండు చీరలు పెట్టుకుని చెప్పులేసుకుంది. బాపు చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయి, ఉమ్మాలో మింగాలో తెలియని మనిషిలా మా వెనక నడిచాడు.

సంతోషమైన సంగతి ముందే చెప్పేస్తాను, ఆ తర్వాతి ఆదివారం బావ వచ్చాడు. కూర వాసనకు వచ్చాడో సిగ్గుతో వచ్చాడో అడగలేదు. అమ్మ ఎవరి మాటా మోయనని ప్రకటించి, గరిటె పట్టుకుని కూర్చుంది. దాంతో నాయనమ్మ చట్టం రద్దయిపోయి, మామా అల్లుళ్లు ఎదురెదురుగా కూర్చుని మొదటిసారి నోరు విప్పి కొట్లాడుకున్నారు. ఆ కొట్లాట రాష్ట్రం వచ్చినా ఆగలేదు, ఆ ఓపెనర్ ఆట మానేసినా ఆగలేదు, బాపు దవాఖానాలో పడుకున్నప్పుడు కూడా ఆగలేదు. ఇప్పుడు రింగు రోడ్డు నెత్తిన మెట్రో పోతుంది, మేడిపల్లి దాటి నారపల్లి దాకా ప్లాట్లకు గేట్లు, గేట్లకు కాపలాదారులు. మా అక్క కొడుకు ఒక ఆటగాడు గొప్పవాడో కాదో ఫోన్లో బొటనవేలితో రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు, తేలాక తండ్రికి చెప్పను కూడా చెప్పడు. వాడికి వాదించడానికి ఎవరి ఇంటికీ వెళ్లాల్సిన పని లేదు. ఒక మనిషి గొప్పతనం తేల్చడానికి ఇన్నేళ్ల ఆదివారాలు, ఇన్ని కోళ్లు ఖర్చు చేసిన మేం ఎంత తెలివితక్కువవాళ్లమో వాణ్ణి చూస్తే తెలుస్తుంది. నన్నడిగితే, ఆ ఓపెనర్ పరాయి గడ్డ మీద ఇంకొన్నిసార్లు లంచ్ దాకా నిలబడి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. కానీ నిలబడి ఉంటే ఆయన్ని చూడటానికి మా గల్లీలో అంతమంది పని ఎగ్గొట్టేవారు కూడా కాదు. ఆయన్ని గొప్పవాళ్ల వరసలో కాస్త చివర కూర్చోబెట్టి, బాగా ఆడిన రోజు మాత్రం ముందుకు పిలుస్తాను.

బాపు అసలు తీర్పు నేను విన్నది ఆ మేడిపల్లి ఆదివారమే, తిరిగొస్తుండగా. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దిగి నాచారం బస్సు కోసం నిలబడ్డాం. ఎండ మాడుస్తున్నది. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకి అతుక్కుపోయింది. బస్సు దిగిన దగ్గర్నుంచి ఆయన అక్కనే చూస్తున్నాడు.

“ఆయన గొప్పోడే బిడ్డా” అన్నాడు.

అక్క విసుక్కుంది. “మళ్ల షురూ జేసినవా? ఇప్పుడెవరడిగిన్రు నిన్ను?”

“ఎవ్వరడగలే. గందుకే అంటున్న.” కండువాతో మొహం తుడుచుకున్నాడు. “నేను ఇడిసిపెట్టిన బంతులన్ని ఇడిసిపెట్టాల్సినయే అని మీరు అనుకుంటరు. శానా మట్టుకు భయానికి ఇడిసిన. ఔటయితే మళ్ల ఆదివారం దాక ఆట లేదాయె. ఆయనకు గా భయం లేకుండె. కొత్త బంతిని గట్ల కొట్టాల్నని నాకు గూడ ఉండె.”

 అక్క తన చీరల సంచీని బాపు చేతిలోంచి తీసుకుని భుజానికి వేసుకుంది. దూరంగా బస్సు కనిపించింది. బాపు మా ఇద్దరి వైపూ తిరిగి, ఈ మాట మీ బావకు మాత్రం చెప్పొద్దన్నాడు. చెబితే ఏమవుతుందని నేనడిగాను.

“ఒప్పుకున్నంక, ఇగ కొట్లాడనీకె ఇంటికెందుకొస్తడు?” అని, బాపు మా కంటే ముందు బస్సెక్కి, మాకు సీటు పట్టాడు.